ఉచ్చారణ కోశకర్త డేనియల్ జోన్సు

వృత్రాసురుని కథ మన పాఠకులకు క్రొత్త కాదు. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు చంపినందుకు త్వష్ట పగబట్టి, ఇంద్రుని కూల్చగల కొడుకు కావాలని హోమం తలపెట్టాడు. ఆ హోమంలో పలికిన మాట ‘ఇంద్రశత్రువు’. ఈ సమాసంలో తుది అక్షరాన్ని ఉదాత్తంగా పలికితే తత్పురుషమై, ఇంద్రుని చంపేవాడు అని అర్థమిస్తుంది. మొదటి అక్షరాన్ని ఉదాత్తంగా పలికితే బహువ్రీహి అయి, ఇంద్రుడే తన్ను చంపేవాడుగా గలవాడు అని అర్థం తిరగబడుతుంది. త్వష్ట నోట స్వరం తప్పింది. వృత్రుడు పుట్టనైతే పుట్టాడు గాని, అతని చావు ఇంద్రుని చేతనే వచ్చింది. వ్యాకరణం ఎందుకు చదవాలో చెప్పే సందర్భంలో పతంజలి తన మహాభాష్యం మొదట్లోనే ఈ కథను తలచుకొన్నాడు.

ఇది వేదకాలపు ముచ్చట, మనకేమి పని అని విద్యార్థులు అనవచ్చు. తెలుగులో ఉదాత్తానుదాత్తాల బెడద లేదు. కాని మనం బడిలో నేర్చే ఇంగ్లీషులో ఆ బెడద ఈనాటికీ సజీవంగా ఉన్నది. ‘ఇంగ్లీష్ టీచర్’ అనే జంటపదాన్నే చూడండి. మొదటి మాట మీద ఊనిక నిలిపితే ఇంగ్లీషు పాఠం చెప్పే ఉపాధ్యాయుడని అర్థం. ఆయన గద్వాలవాడు కావచ్చు, కల్వకుర్తివాడు కావచ్చు. ఊనికను రెండవ మాట మీదికి తెస్తే ఇంగ్లండు దేశస్థుడైన ఉపాధ్యాయుడని అర్థం. ఆయన చెప్పేది లెక్కలే కావచ్చు. అక్షరాలు రెండింటికీ ఒక్కటే. వ్రాతలో కనిపించని ఈ తేడాను పలుకులో పట్టి, అకారాది క్రమంలో మాట మాటకూ గుర్తు పెట్టి లోకానికి ఇచ్చిన మహనీయులు డేనియల్ జోన్సు పండితులు.

జోన్సు 1881 సెప్టెంబరు 12వ తేదీన లండను నగరంలో జన్మించారు. తండ్రి పేరు కూడ డేనియల్ జోన్సే. ఆయన న్యాయవాది, వింబుల్డనులోని సుప్రసిద్ధ టెన్నిసు సంఘ స్థాపకులలో ఒకరు. తల్లి వయోలా, సంగీత నాటకాలను నడిపించి పేరుగాంచిన రిచర్డ్ డోయిలీ కార్ట్ సోదరి. ఒక వైపు న్యాయశాస్త్రం, మరొక వైపు సంగీతం గల ఇల్లన్నమాట. కొడుకు న్యాయవాది కావాలన్నది తండ్రి అభిలాష. జోన్సు కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో గణితశాస్త్రం చదివి 1903లో పట్టం పొందారు. తండ్రి మాట కాదనలేక న్యాయశాస్త్రమూ చదివి 1907లో బారిష్టరు అయ్యారు గాని, కోర్టులో ఒక్క వ్యాజ్యమైనా వాదించలేదు.

అప్పటికే ఆయన మనస్సు మరొక దారి పట్టింది. 1900లో, పందొమ్మిదేళ్ళ వయసులో, జర్మనీలోని మార్బుర్గు పట్టణంలో విలియం టిలీ నడిపే భాషా పాఠశాలకు వెళ్ళారు. టిలీ ఆస్ట్రేలియా దేశీయుడు, కఠిన నియమపరుడు. ఆయన వద్ద చేరిన విద్యార్థి జర్మను తప్ప మరొక భాష మాట్లాడరాదు. భాష నేర్చుకోవడం అంటే ముందు దాని ధ్వనులను చెవితో పట్టి నోటితో తీర్చడం అన్న సంగతి జోన్సుకు అక్కడ తెలిసింది. ఆ మీదట 1905–06లో పారిస్ వెళ్ళి పాల్ పాసీ శిష్యులైనారు. 1886లో అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘాన్ని స్థాపించిన వారిలో పాసీ ప్రముఖుడు. గురువు గారింటి బాంధవ్యం విద్యతో ఆగలేదు. పాసీ సోదరసంతతికి చెందిన సీరిల్ మోత్‌ను జోన్సు 1911లో వివాహమాడారు.

లండను యూనివర్సిటీ కళాశాలలో 1907లో కొద్ది గంటల ఉపన్యాసకుడిగా చేరిన జోన్సు, 1912 నాటికి అక్కడ ధ్వనిశాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. 1921లో ఆచార్య పదవి లభించింది. 1949లో విరమించే వరకు ఆ కళాశాలను విడవలేదు. బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ నాటకంలో పూలమ్మే పిల్లకు దొరసాని పలుకుబడి నేర్పే ఆచార్య హిగ్గిన్సు పాత్రలో జోన్సు ఛాయలున్నాయని కొందరు విమర్శకులు అంటారు. షా తన పీఠికలో చెప్పిన పేరు మాత్రం హెన్రీ స్వీట్ అనే అంతకు ముందు తరం పండితునిది. షాకు జోన్సుతో పరిచయం ఉన్న మాట నిజమే గాని, హిగ్గిన్సు నోటి దురుసుకూ జోన్సు మృదుభాషణకూ చుట్టరికం లేదు.

ఆయన కీర్తికి మూలమైన గ్రంథం ఆంగ్ల ఉచ్చారణ నిఘంటువు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యన, 1917లో వెలువడింది. దీనిలో అర్థాలు ఉండవు. మాట, దాని పలుకుబడి, ఊనిక ఎక్కడ పడుతుందో చూపే చిన్న గీత, అంతే. మామూలు నిఘంటువు తిరగేసిన చేతికి ఇది మొదట బోసిగా తోస్తుంది. కాని ఒక్కొక్క మాట వెనుక ఎంత వినికిడి ఉన్నదో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. టేపు యంత్రాలు లేని కాలం. ఆయనకున్న పరికరం తన చెవి ఒక్కటే.

ఇక్కడ కొంత ఆగి ఊనిక సంగతి చెప్పుకొనక తప్పదు. ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం బలంగా, కొంచెం సాగి, స్వరం మారి వినబడుతుంది. మిగిలిన అక్షరాల అచ్చులు ముడుచుకొనిపోతాయి. మనం ప్రతి అక్షరానికీ దాని మాత్ర దానికి ఇచ్చి పలుకుతాము. ఆంగ్లేయుడు అట్లా ఇవ్వడు, ఒకదానికి పెట్టి తక్కినవాటికి ఎగగొడతాడు. కనుకనే మన ‘హోటలు’లో హో దీర్ఘంగా నిలబడితే, వారి మాటలో బరువు రెండవ అక్షరం మీద పడుతుంది. ‘కమిటీ’లో మి మీద, ‘డెవలప్’లో వె మీద.

సమాసాలకు వచ్చేసరికి విషయం మరింత రుచికరం. నల్లని పిట్ట ఏదైనా ‘బ్లాక్ బర్డ్’ కావచ్చు. అప్పుడు రెండు మాటలకూ ఊనిక ఉండి రెండవదే ముఖ్యం. ఊనిక మొదటి మాట మీదనే నిలిస్తే అది ఒక జాతి పక్షికి పేరు. ఆ జాతిలో ఆడపిట్ట గోధుమ వన్నెదైనా దాని పేరు అదే. మన ‘బ్లాక్‌బోర్డు’ కూడ అటువంటిదే. ఇప్పుడు చాలా బడులలో అది పచ్చరంగులో ఉంటున్నా పేరు మారలేదు. రెండు మాటలు కలిసి ఒక వస్తువుకు పేరైపోయినప్పుడు ఊనిక సాధారణంగా మొదటి మాటకు చేరుతుంది. సాధారణంగా అన్నాను, ఎందుకంటే ఈ భాషలో నియమం చెప్పిన వెంటనే అపవాదం ఎదురవుతుంది. వీధి పేర్లలో ‘స్ట్రీట్’ అనే మాట చివరనుంటే ఊనిక ముందరి మాటదే. ‘రోడ్’, ‘అవెన్యూ’ అనేవి చివరనుంటే ఊనిక వాటికే. కేకు చివరనుంటే యాపిలుకు ఊనిక, ‘పై’ అనే పిండివంట చివరనుంటే ఊనిక దానికే. కారణం అడిగితే మహాపండితులు కూడ చిరునవ్వు నవ్వుతారు. జోన్సు నిఘంటువు అవసరం ఇటువంటి చోటనే.

క్రియలలో మరొక వింత ఉన్నది. క్రియ ప్రక్కన ‘అప్’, ‘ఔట్’, ‘ఆఫ్’, ‘డౌన్’ వంటి చిన్న మాట చేరి అర్థాన్ని మార్చివేస్తుంది. మన ‘చెప్పు’ అనే ధాతువు ‘చెప్పివేయు’, ‘చెప్పుకొను’ అని మారినట్లే. తాళం వేసి బంధించడం అనే క్రియగా ‘లాక్ అప్’ అన్నప్పుడు ఊనిక అప్ మీద గట్టిగా పడుతుంది. అదే నామవాచకమై పోలీసు ఠాణాలోని గదిని చెప్పినప్పుడు ఊనిక మొదటి మాటకు మారి ‘లాకప్’ అవుతుంది. ‘చెకప్’, ‘మేకప్’, ‘టేకాఫ్’, ‘సెటప్’ అన్నీ ఈ దారివే. తెలుగువారు వీటిలో నామవాచకాన్ని మాత్రమే తెచ్చుకొని, క్రియ కావలసినప్పుడు ‘చెకప్ చేయించు’ అని మన చేయు ధాతువును తగిలించుకొన్నారు. అందుచేత మన విద్యార్థి నోట నామమూ క్రియా రెండూ ఒకే తీరుగా వస్తాయి. ఇక ‘లుక్ ఎట్’, ‘వెయిట్ ఫర్’ వంటి జంటలలో చిన్న మాట మన విభక్తి ప్రత్యయం వంటిది. దానికి ఊనిక ఉండదు, ముడుచుకొని పలుకుతుంది. పుస్తకాన్ని చేతిలోకి తీసుకో అనడానికి ‘పిక్ అప్ ద బుక్’ అంటే అసలు బరువు పుస్తకం మీద. పుస్తకానికి బదులు ‘ఇట్’ అని సర్వనామం పెడితే ఆ బరువు వచ్చి అప్ మీద కూర్చుంటుంది. ‘పిక్ ఇట్ అప్’. వాక్యం వాక్యంగా పిల్లలచేత పలికిస్తే గాని ఇది వంటబట్టదు.

తెలుగులో ఇట్లాంటిది లేదా అని ఉపాధ్యాయ మిత్రులు అడగవచ్చు. ఊనిక రూపంలో లేదు. కాని రెండు మాటలు ఒకటైనాయని చెవికి చెప్పే పద్ధతి మనకూ ఉన్నది. కూర, కాయ విడివిడిగా ఉన్నంతవరకు కాయ కాయే. రెండూ కలిస్తే కూరగాయలు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మనం చదివే గసడదవాదేశం ఇదే. మనం హల్లును మెత్తబరచి చెప్పే సంగతిని ఆంగ్లేయుడు ఊనికను జరిపి చెబుతాడు. మన జిల్లా కేంద్రానికి దగ్గరనున్న పిల్లలమర్రి పేరును ఒక ఆంగ్లేయునికి చెప్పి చూడండి. అతడు వెంటనే ఏ అక్షరానికి ఊనిక అని వెదకుతాడు. మనం ఏమీ వెదకము.

జోన్సు జీవితానికి మరలి వద్దాము. ఆయన చూపు ఇంగ్లీషుకే పరిమితం కాలేదు. దక్షిణాఫ్రికా నుండి తన జాతి భూముల కోసం మొరపెట్టుకోవడానికి లండను వచ్చిన సోల్ ప్లాచ్యె అనే నల్లజాతి నాయకునితో కూర్చుండి, 1916లో సెచువానా భాషకు ఒక వాచకం సిద్ధం చేశారు. ఆ భాషలో స్వరం ఎత్తుపల్లాలతో అర్థం మారుతుంది. త్వష్ట కథ అక్కడి ప్రజల నిత్య సంభాషణలో నడుస్తున్నదన్నమాట. 1919లో పెరెరా అనే సింహళ పండితునితో కలిసి సింహళ వాచకం వెలువరించారు. పాలకులు పాలితుల భాషలను సేవకులకు ఆజ్ఞలివ్వడానికి తప్ప నేర్వని కాలంలో, ఆ భాష మాట్లాడేవాని ప్రక్కన శిష్యునివలె కూర్చుండి విన్న ఆచార్యుడాయన. జోన్సు చేసిన పనులన్నింటిలోను నాకు ఇది ఎక్కువ ప్రియమైనది.

అచ్చులను కొలవడానికి ఆయన పన్నిన ఉపాయం కూడ చెప్పుకోదగినది. నాలుక నోటిలో ఎంత పైకి, ఎంత ముందుకు పోగలదో ఆ హద్దులను గుర్తించి, వాటి మధ్య కొన్ని ప్రమాణాచ్చులను నిలిపారు. భూమిని కొలిచేవాడు ముందుగా రాళ్ళు పాతుకొన్నట్లు. నాలుక మీద సన్నని లోహపు గొలుసు పరచి, ఎక్స్‌రే కిరణాలతో ఛాయాచిత్రాలు తీయించారు. 1917లో ఆ అచ్చులను తానే పలికి గ్రామఫోను రికార్డుగా ఇచ్చారు. ఏ భాష అచ్చునైనా ఈ ప్రమాణాలతో పోల్చి ఎక్కడున్నదో చెప్పవచ్చు. 1918లో వచ్చిన ఆంగ్ల ధ్వనిశాస్త్ర గ్రంథం నేటికీ చదవదగినదే.

ఆయనపై ఒక విమర్శ ఉన్నది, దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. నిఘంటువులో ఆయన పట్టి చూపినది దక్షిణ ఇంగ్లండులో సంపన్నుల పిల్లలు చదివే వసతి పాఠశాలల పలుకుబడి. మొదటి కూర్పులో ఆ పాఠశాలల పేరనే దానిని వ్యవహరించి, 1926 నుండి ‘సర్వులంగీకరించిన ఉచ్చారణ’ అనే అర్థం గల పేరు పెట్టారు. ఎవరు అంగీకరించారు? యార్క్‌షైరు గని కార్మికుడా, స్కాట్లండు రైతా? తాను వినినదానిని వ్రాసేవాడనే గాని ఇట్లే పలకండని శాసించేవాడను కానని జోన్సు మొదటి నుండీ చెబుతూనే వచ్చారు. అయినా 1926లో ఆంగ్ల రేడియో సంస్థ ఏర్పరచిన ఉచ్చారణ సలహా సంఘంలో ఆయన కూడ ఒక సభ్యులైనారు. విద్యార్థుల చేతిలో పడిన తరువాత వర్ణన శాసనం కాకుండా ఉండదు. తెలుగులో ఏ జిల్లా పలుకు పుస్తకాలకెక్కింది, ఏ జిల్లా పలుకును చూచి నవ్వారు అన్నది పాలమూరువారికి వేరే చెప్పనక్కరలేదు గదా.

ఊనిక విషయంలో జోన్సు సిద్ధాంతం అంతా నిలబడలేదు కూడ. ఊనిక అంటే ప్రధానంగా పలికే ఊపు, బలం అని ఆయన తలచారు. ఆయన శిష్యుడై, ఆయన తరువాత ఆ శాఖను నడిపిన డెనిస్ ఫ్రై 1950ల నాటి ప్రయోగాలలో ‘సబ్జెక్ట్’, ‘పర్మిట్’ వంటి మాటలను తీసుకొన్నాడు. నామంగా ఊనిక ఒకచోట, క్రియగా మరొకచోట పడే మాటలివి. యంత్రంతో వాటి బిగ్గరతనాన్ని, నిడివిని వేరువేరుగా మార్చి శ్రోతలకు వినిపించాడు. బిగ్గరగా పలకడం కంటె అక్షరం సాగడమూ స్వరం మారడమూ చెవికి ఎక్కువ గుర్తులని తేలింది. కనుక పిల్లలకు ఊనిక నేర్పేటప్పుడు గట్టిగా అరవమనడం వృథా. సాగదీసి, స్వరం మార్చి పలకమనడమే సరియైన పద్ధతి.

భారతదేశంతో ఆయనకు గల సంబంధం శిష్యుల ద్వారా ఏర్పడినది. వంగదేశం నుండి 1919లో లండను వెళ్ళిన సునీతి కుమార్ చటర్జీ జోన్సు వద్ద ధ్వనిశాస్త్రం అభ్యసించి, 1926లో వంగభాషా చరిత్రను గూర్చిన మహాగ్రంథం ప్రకటించాడు. జోన్సు శాఖలో పనిచేసిన ఫర్త్ పండితుడు 1937లో ఈ దేశానికి వచ్చి గుజరాతీతో పాటు మన తెలుగునూ పరిశీలించాడు.

మన ప్రాంతానికి ఈ విద్య చుట్టుదారిన చేరింది. జోన్సు నిఘంటువు వెలువడిన మరుసటి సంవత్సరం, 1918లో, ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. నిజాం రాజ్యంలో మా తాతల తరం ఇంగ్లీషును ఉర్దూ ఉపాధ్యాయుల నోట విని నేర్చినది. లండను ఊనిక వారి చెవినబడే అవకాశమే లేదు. హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల విద్యా సంస్థ వెలసిన తరువాత గాని ఉపాధ్యాయులకు ధ్వనిశాస్త్రంలో శిక్షణ దొరకలేదు. ఆ సంస్థలోని ఆర్. కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాలవారికి ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించి 1969లో గ్రంథం ప్రకటించాడు. అర్థం కాకపోవడానికి ముఖ్య కారణాలలో ఒకటిగా తేలినది తప్పుచోట పడిన ఊనిక. మనం సిగ్గుపడే వ్యాకరణ దోషాల వలన వినేవానికి కలిగే చిక్కు అంత కాదు. మనం లెక్కచేయని ఊనికే అతన్ని ఎక్కువగా తికమకపెడుతుంది.

ఈ వ్యాసం వ్రాసినవాడు మహబూబ్‌నగరులో ఎన్నో ఏండ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడే. ఒకనాడు పాత శిష్యుడొకడు ఇంటికి వచ్చాడు. పదవ తరగతిలో వ్యాకరణంలో వాడే మొదటివాడు. హైదరాబాదులో టెలిఫోను మీద విదేశీయులతో మాట్లాడే ఉద్యోగానికి వెళ్ళి, మాట అవతలివానికి అర్థం కావడం లేదని వారం తిరగకుండా వెనుకకు పంపబడ్డాడు. ‘డెవలప్’ అన్నా ‘కమిటీ’ అన్నా అవతలివాడు మరల మరల చెప్పమన్నాడట. సార్, ఈ సంగతి మీరు మాకెందుకు చెప్పలేదని అడిగాడు. నా వద్ద జవాబు లేదు. నేను చదివిన బడిలో నాకెవరూ చెప్పలేదనడం జవాబు కాదు. ఆ రాత్రి అలమారలో ఏండ్ల తరబడి తెరవక ఉంచిన జోన్సు నిఘంటువును దులిపి బల్లమీద పెట్టుకొన్నాను. వాడు నెల రోజులు సాయంత్రం వచ్చేవాడు. రోజుకు ఇరవై మాటలు, చేతితో బల్లమీద తాళం వేస్తూ, ఊనిక ఉన్నచోట సాగదీస్తూ ఇద్దరమూ కలిసి నేర్చుకొన్నాము. మా ఇంటివారికి అది భజనవలె వినబడేదట.

పదవీ విరమణ తరువాత కూడ జోన్సు విశ్రమించలేదు. మాటకు అర్థభేదం తెచ్చే ధ్వని ప్రమాణాన్ని గూర్చి తాను మూడు దశాబ్దాలకు పైగా ఆలోచించినదంతా 1950లో గ్రంథంగా ఇచ్చారు. ఆ సంవత్సరమే అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘానికి అధ్యక్షులై, తుదివరకు ఆ స్థానంలో ఉన్నారు. ఇంగ్లీషు వర్ణక్రమాన్ని పలుకుకు దగ్గరగా సంస్కరించాలని ఒక సంఘం పక్షాన చాలాకాలం పాటుపడ్డారు. అది నెరవేరలేదు. నెరవేరి ఉంటే మన పిల్లలు సగం దెబ్బలు తప్పించుకొనేవారు.

నిఘంటువు మాత్రం కూర్పు వెనుక కూర్పుగా పెరుగుతూ వచ్చింది. మాటల పలుకు మారినప్పుడల్లా ఆయన తాను ముందు వ్రాసినదానిని దిద్దుకొన్నారు. శిష్యుడు గిమ్సన్ చేతిమీదుగా పదమూడవ కూర్పు 1967లో వెలువడింది. మొదటి కూర్పు వచ్చి అప్పటికి సరిగా యాభై ఏండ్లు. ఆ ఏడే డిసెంబరు 4వ తేదీన, లండనుకు చేరువనున్న జెరార్డ్స్ క్రాస్ గ్రామంలోని తమ ఇంట జోన్సు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఎనభై ఆరేండ్లు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ నిఘంటువును ఆ తరువాత కూడ ఆయన పేరుతోనే ప్రకటిస్తూ వచ్చింది. దానిలో ‘లాకప్’ నామంగా ఒక ఊనిక గుర్తుతోను, ‘టీచర్’ తన మొదటి అక్షరం ముందు నిలువు గీతతోను ఉన్నాయి.